పసిపిల్లల వార్డులోకి అమ్మ వచ్చిన కథ



ఇవాళ నర్సింగు చదివే అమ్మాయిల పుస్తకాల్లో, శరీర శాస్త్రంతోపాటు మనస్తత్వ శాస్త్రం కూడా ఒక పాఠంగా ఉంటుంది. కట్టు కట్టడం, జ్వరం చూడడం నేర్చుకునే అమ్మాయికి ఈ మనసు గొడవ ఎందుకని కొందరు పెద్దవాళ్ళు అడుగుతూ ఉంటారు. రోగికి శరీరం ఒక్కటే కాదు, మనసూ ఉంటుందని చెప్పుకోవడం తేలికే. కాని ఆ చిన్న మాట ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి పోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో, ఎంత పోరాటం జరిగిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ పోరాటంలో ఒక ఘట్టం, పసిపిల్లల వార్డులోకి కన్నతల్లిని రానివ్వాలా వద్దా అన్నది. ఇది మన దేశంలో జరిగింది కాదు, ఇంగ్లండులో జరిగింది. అయినా పిల్లల్ని కన్నవాళ్ళం, పెంచినవాళ్ళం కనక మనకి బాగా పట్టే సంగతి.

ఒక 70, 80 ఏళ్ళ వెనక్కి వెళదాం. 1949లో లండన్ నగరంలో ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల్ని తల్లిదండ్రులు ఎప్పుడు చూడవచ్చునని ఒకరు వాకబు చేసి పత్రికలో ప్రకటించారు. గైస్ ఆసుపత్రిలో ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల దాకా మాత్రమే. వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రిలో బుధవారం ఒక గంట, ఆదివారం ఒక గంట. సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటి నెలంతా చూడ్డానికే వీల్లేదు. అయితే రాత్రి 7, 8 గంటల మధ్య పిల్లలు నిద్రపోతూండగా చూసి వెళ్ళవచ్చు. లండన్ హాస్పిటల్‌లో మూడేళ్ళ లోపు పిల్లల దగ్గరికి వెళ్ళనివ్వరు. అడ్డుగోడ అద్దంలోంచి చూసుకోవలసిందే. కన్నబిడ్డ మేలుకుని ఉన్నప్పుడు కాదు, నిద్రపోయాక దొంగలా వచ్చి చూసి వెళ్ళాలన్నమాట!

ఆ డాక్టర్లు, నర్సులు రాక్షసులేమీ కాదు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. పెన్సిలిన్ వంటి మందులు రాకముందు కంఠసర్పి, స్కార్లెట్ జ్వరం లాంటి అంటురోగాలు ఒక్క వార్డులో మొదలైతే పిల్లలు వరసగా పోయేవారు. బయటివాళ్ళు రోగాలు మోసుకొస్తారని భయం. ఇక రెండో కారణం చూడండి. అమ్మ రానంతవరకూ పిల్ల బుద్ధిగా పడుకుంటుంది, అమ్మ వచ్చి వెళ్ళిందంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. కాబట్టి అమ్మ రావడమే పిల్లకి చెరుపు అని తేల్చారు. ఆదివారం సాయంత్రం వార్డంతా ఏడుపులు, సోమవారానికి మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చూసి, పిల్లలు చక్కగా అలవాటుపడ్డారని ఆ వార్డు సిస్టర్లు నిజాయితీగానే నమ్మారు.

ఈ నమ్మకాన్ని కదిలించిన మనిషి డాక్టరు కాదు, ప్రొఫెసరూ కాదు. ఆయన పేరు జేమ్స్ రాబర్ట్‌సన్. స్కాట్లండులో ఒక కూలీనాలీ కుటుంబంలో పుట్టి, 14వ ఏట బడి మానేసి, ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరాడు. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, ఇళ్ళు పోయిన పిల్లల కోసం అన్నా ఫ్రాయిడ్ హ్యాంప్‌స్టెడ్‌లో శిశుగృహాలు నడిపేది. ప్రసిద్ధుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు ఆవిడ. రాబర్ట్‌సన్ అక్కడ బాయిలరు చూసుకునే పనివాడుగా చేరాడు. ఆయన భార్య జాయిస్ అక్కడే పిల్లల్ని చూసుకునేది. అన్నా ఫ్రాయిడ్ పెట్టిన పద్ధతి ఒకటుంది. వంటమనిషి కానివ్వండి, బాయిలరు మనిషి కానివ్వండి, ఆ ఇంట్లో పనిచేసే ప్రతివాళ్ళూ పిల్లల్లో తాము గమనించినదాన్ని చిన్న చిన్న కార్డుల మీద రాసి ఇవ్వాలి. పిల్లవాణ్ణి చూడ్డం అంటే ఏమిటో ఆయన అక్కడ నేర్చుకున్నాడు. తర్వాత చదువుకుని, 1948లో టావిస్టాక్ క్లినిక్‌లో డాక్టర్ జాన్ బౌల్బీ దగ్గర చేరాడు. తల్లినుంచి విడిపోయిన పిల్లల మనసు ఏమవుతుందో పరిశోధిస్తున్నాడు బౌల్బీ.

ఆసుపత్రిలో పిల్లల్ని చూసి రమ్మని బౌల్బీ పంపగా, రాబర్ట్‌సన్ సెంట్రల్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పిల్లల వార్డుకి వెళ్ళాడు. అక్కడి డాక్టర్లు, నర్సులు మంచివాళ్ళే, పని వచ్చినవాళ్ళే. కాని మూడేళ్ళ లోపు పిల్లల్ని కదలకుండా కూచుని రోజుల తరబడి చూస్తే, ఆయనకి మూడు దశలు కనిపించాయి. మొదటిది మొండి ఏడుపు. అమ్మ ఇప్పుడే వస్తుందని నమ్మి, మంచం కమ్ములు పట్టుకుని గుమ్మంవైపు చూస్తూ ఏడుస్తుంది. రెండోది నిరాశ. ఇక రాదేమోనని కుంగిపోయి, ముడుచుకుని, ఏదీ అక్కరలేనట్టు పడుకుంటుంది. మూడోది విముఖత. ఎవరు వచ్చినా నవ్వుతుంది, ఎవరు పెట్టినా తింటుంది, అమ్మ వస్తే మటుకు మొహం తిప్పేస్తుంది. రెండో దశలో ఉన్న పిల్లని చూసి నర్సులు 'సర్దుకుంటోంది' అనుకునేవారు. మూడో దశ చూసి 'పూర్తిగా అలవాటుపడింది' అని సంతోషించేవారు. రాబర్ట్‌సన్ చెప్పింది ఒక్కటే. ఏడ్చే పిల్ల ఇంకా ఆశతో ఉంది. ఏడుపు మానిన పిల్ల గురించే మీరు బెంగపడాలి.

'ఏడిస్తేగాని అమ్మైనా పాలివ్వదు' అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఏడుపు అంటే అడగడం. అడిగి అడిగి, వినేవాళ్ళు లేరని తెలిసినప్పుడు పిల్ల అడగడమే మానుకుంటుంది. ఆ మానుకోవడాన్ని నెమ్మదితనం అనుకున్నారు.

ఆయన చెప్తే డాక్టర్లు వింటారా? మాకు రోజూ కనిపించే పిల్లల గురించి నువ్వు చెప్పేదేమిటన్నారు. మాటలతో లాభం లేదని రాబర్ట్‌సన్ ఒక చిన్న సినిమా కెమెరా కొన్నాడు. అంతకుముందు ఆయన సినిమా తీసినవాడు కాడు. 1951లో, బొడ్డు దగ్గర హెర్నియాకి ఆపరేషన్ కోసం చేరవలసిన పిల్లల జాబితాలోంచి, ఏరి తెచ్చాడని ఎవరూ అనకుండా, యాదృచ్ఛికంగా ఒక పిల్లని ఎంచుకున్నారు. ఆ పాపని లోకం లారా అన్న పేరుతో ఎరుగుతుంది. వయసు 2 సంవత్సరాల 5 నెలలు. ఆసుపత్రిలో ఉన్నది 8 రోజులు. రోజూ నిర్ణయించిన వేళల్లోనే తీశాడు. ఏ ఘడియలో తీశాడో తెలిసేలా గోడగడియారం కూడా కనిపిస్తూ ఉంటుంది. మాటలు లేని, నలుపు తెలుపు చిత్రం అది.

చిత్రమేమిటంటే, లారా ఏడుపుగొట్టు పిల్ల కాదు. వయసుకి మించిన నిబ్బరం ఉన్న పిల్ల. ఏడుపు వచ్చినా బిగబట్టుకుంటుంది. మధ్య మధ్య మాత్రం, ఆటలో ఉన్నదల్లా హఠాత్తుగా అమ్మ ఏదని అడుగుతుంది. తన బొమ్మ ఎలుగుబంటిని, ఇంటినుంచి తెచ్చుకున్న దుప్పటి ముక్కని వదలదు. రోజులు గడిచేకొద్దీ, అమ్మ వచ్చినప్పుడు ఆ మొహం వికసించడం తగ్గిపోతుంది. ఎనిమిదో రోజున ఇంటికి తీసుకుపోతున్నప్పుడు, తన సామానంతా తీసుకుందిగాని, అమ్మ చెయ్యి మాత్రం పట్టుకోనంది. కొన్ని నెలల తర్వాత ఆ సినిమా ఇంట్లో వేసినప్పుడు అనుకోకుండా ఆ పాప చూసిందట. చూసి, అన్నాళ్ళూ నువ్వెక్కడికి పోయావని తల్లిని నిలదీసి, గట్టిగా ఏడ్చి, ఓదార్పు కోసం తండ్రి దగ్గరికి పోయింది. ఎనిమిది రోజుల సంగతిని పసిమనసు అన్ని నెలలు దాచుకుంది, చూడండి!

1952 నవంబరులో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో పెద్ద పెద్ద డాక్టర్ల ఎదుట ఈ చిత్రం వేశారు. చూసినవాళ్ళు మెచ్చుకోలేదు సరికదా, కోపగించుకున్నారు. ఇది మామూలు పిల్ల కాదన్నారు, మా వార్డుల్లో ఇలా జరగదన్నారు, వైద్యవృత్తికే అపకీర్తి తెచ్చాడన్నారు. అలా కోప్పడినవాళ్ళలో డెర్మోడ్ మెకార్తీ అనే పిల్లల డాక్టరు ఒకరు. ఆయన మంచితనం ఏమిటంటే, కోపంతోనే తన వార్డుకి తిరిగి వెళ్ళి, చెవులు పెట్టి విన్నాడు. రోజూ ఉన్న ఏడుపే, కాని మొదటిసారి విన్నట్టయింది. తర్వాత అమెర్‌షమ్ ఆసుపత్రిలో ఆయన, వార్డు సిస్టరు ఐవీ మోరిస్ కలిసి తల్లుల్ని పిల్లల దగ్గరే ఉంచుకునే ఏర్పాటు చేశారు. రాబర్ట్‌సన్ 1958లో అక్కడికి వెళ్ళి, అమ్మతోపాటు ఆసుపత్రిలో ఉన్న పిల్లమీద రెండో చిత్రం తీశాడు. రెండు చిత్రాలూ పక్కపక్కన చూస్తే ఇక వాదన అక్కరలేదు.

తల్లులు వస్తే రోగాలు వస్తాయన్న మాట నిజమేనా? అంతకుముందే కొందరు దీనికి జవాబు చూపించారు. న్యూకాసిల్ పట్టణంలో సర్ జేమ్స్ స్పెన్స్ అనే వైద్యుడు 1920లలోనే శిశువుల ఆసుపత్రిలో తల్లులకి గదులిచ్చి, బిడ్డ సేవ వాళ్ళచేతే చేయించాడు. న్యూజిలాండులో పికెరిల్ దంపతులని ఇద్దరు సర్జన్లుండేవారు. గ్రహణం మొర్రి వంటివాటికి ఆపరేషన్ చేసిన పసిబిడ్డల్ని 1940లలో వాళ్ళ తల్లులచేతే చూపించారు. ఒక నర్సు పది మంది బిడ్డల్ని తాకితే ఒకరి రోగం ఒకరికి అంటుతుంది. ఒక తల్లి ఒక్క బిడ్డనే చూసుకుంటే ఆ అంటు తగ్గింది. కీడు తెస్తుందనుకున్న తల్లే బిడ్డకి కాపలా అయింది.

అయితే మరి మంచి మనసున్న నర్సులకి అన్నేళ్ళు ఇది ఎందుకు కనిపించలేదు? ఈ ప్రశ్నకి జవాబు ఇసబెల్ మెంజీస్ అనే ఆవిడ 1960లో ప్రకటించిన పరిశోధనలో దొరుకుతుంది. లండన్‌లో నర్సులకి శిక్షణ ఇచ్చే ఒక పెద్ద ఆసుపత్రిని ఆవిడ పరిశీలించింది. 18, 20 ఏళ్ళ ఆడపిల్లలు రాత్రింబవళ్ళు బాధని, చావుని, కన్నీళ్ళని చూస్తూ ఉండాలి. అది తట్టుకోవడం కోసం ఆసుపత్రి తనకు తెలియకుండానే కొన్ని పద్ధతులు ఏర్పరచుకుందట. ఒక నర్సు ఒక రోగినే కనిపెట్టుకుని ఉండదు. ఒకామె అందరికీ జ్వరం చూస్తుంది, మరొకామె అందరికీ పక్కలు వేస్తుంది. రోగికి పేరుండదు, '10వ మంచం లివరు', '15వ మంచం న్యుమోనియా' అంటారు. దగ్గరైతే బాధ కనక దగ్గర కాకుండా చూసుకోవడం. దానివల్ల నర్సుల బెంగ తగ్గిందా అంటే, లేదు. చేరిన విద్యార్థినుల్లో మూడో వంతు చదువు పూర్తికాకుండానే వెళ్ళిపోతున్నారు. నిజంగా సేవ చేయాలని వచ్చినవాళ్ళకే ఆ చోటు ఊపిరాడనివ్వలేదు.

దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. పసిపిల్ల నిశ్శబ్దం నర్సుకి కూడా అవసరమైంది. ఇరవైమంది పిల్లల ఏడుపు నిజంగా వింటూ ఉంటే ఆ అమ్మాయి పనిచేయగలదా? అందుకే, అలవాటుపడ్డారులే అన్న మాటని పట్టుకుంది. నర్సుకి మనస్తత్వ శాస్త్రం నేర్పడమంటే రోగి మనసు గురించి నేర్పడమే కాదు, తన మనసు తనకి ఎక్కడ అడ్డుతెర వేస్తోందో తెలుసుకోనివ్వడం కూడానన్నమాట. లారా చిత్రం వచ్చిన 1952లోనే, అమెరికాలో హిల్డెగార్డ్ పెప్లా అనే నర్సు, నర్సుకీ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే వైద్యంలో భాగమని చెప్పే పుస్తకం ప్రకటించింది. ఇవాళ నర్సింగు చదువుల్లో ఆమె పేరు తప్పక వస్తుంది.

ఈ కథలో జాయిస్ రాబర్ట్‌సన్ పాత్ర కూడా చెప్పాలి. తన నాలుగేళ్ళ కూతురికి టాన్సిల్సు తీయించవలసి వచ్చినప్పుడు, ఏం జరగబోతుందో పిల్లకి ముందే విప్పి చెప్పి, పక్కనే ఉండి, ముందూ వెనకా పిల్ల అడిగిన ప్రశ్నలూ, పడిన భయాలూ అన్నీ రాసిపెట్టింది. ఆ రాతలు 1956లో పండితుల పత్రికలో అచ్చయ్యాయి. అన్నా ఫ్రాయిడే వాటికి వ్యాఖ్య రాసింది. తల్లి రాసుకున్న దినచర్య శాస్త్రమైందంటే, మన ఇళ్ళలో మనం గమనించేవి తీసిపారేయవలసినవి కావని తెలుసుకోవాలి.

ఇంత జరిగాక ప్రభుత్వం కదిలింది. సర్ హ్యారీ ప్లాట్ అనే ఎముకల సర్జను అధ్యక్షతన ఒక సంఘం వేశారు. 1959లో ఆ సంఘం నివేదిక వచ్చింది. తల్లిదండ్రులు ఏ వేళనైనా బిడ్డని చూడవచ్చుననీ, అయిదేళ్ళ లోపు పిల్లలతో తల్లిని కూడా చేర్చుకోవాలనీ, పిల్లల్ని పెద్దవాళ్ళ వార్డుల్లో పడుకోబెట్టకూడదనీ, పిల్లల మనసు గురించి డాక్టర్లకీ నర్సులకీ శిక్షణ ఇవ్వాలనీ సిఫారసు చేశారు. ప్రభుత్వం ఒప్పుకుంది. కాని కాగితం మీద ఒప్పుకుంటే వార్డు తలుపు తెరుచుకుంటుందా? చాలాచోట్ల పాత పద్ధతే సాగింది. 1961లో రాబర్ట్‌సన్ పత్రికలో వ్యాసాలు రాశాడు, టెలివిజనులో తన చిత్రాలు చూపించి, మీ అనుభవాలు రాయండని తల్లిదండ్రుల్ని అడిగాడు. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిని పుస్తకంగా వేశాడు. అదే ఏడాది లండన్ బాటర్సీ ప్రాంతంలో కొందరు చిన్నవయసు తల్లులు కలిసి ఒక సంఘం పెట్టారు. ప్రభుత్వం ఒప్పుకున్నదేమిటో చెప్తూ ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగారు. ఆ చిన్న సంఘమే దేశమంతటి సంఘంగా పెరిగింది. 1988లో హాలండులోని లైడెన్ పట్టణంలో యూరపు దేశాల సంఘాలు కలిసి, ఆసుపత్రిలో పిల్లల హక్కులని 10 అంశాలుగా రాసుకున్నాయి. తల్లో తండ్రో ఎప్పుడూ దగ్గర ఉండడం వాటిలో ఒకటి.

ఇదంతా విని, 'మన ఆసుపత్రుల్లో తల్లిని ఎవరు పొమ్మన్నారు?' అని మీరు అడగవచ్చు. నిజమే. మన సర్కారు ఆసుపత్రిలో పిల్ల మంచం కింద చాప, పక్కన మంచినీళ్ళ సీసా, క్యారియరు, తలగడ వైపున అమ్మ, వరండాలో అమ్మమ్మ, ఇది మనం ఎరిగిన దృశ్యమే. ఇందులో మన ఆచారం కొంత, నర్సులు చాలకపోవడం కొంత. మనం గొప్పగా చెప్పుకోవడానికీ లేదు, చిన్నచూపు చూడడానికీ లేదు. కాని అద్దాల గదులు మనకీ వచ్చాయి. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డని లోపల పెట్టెలో పెట్టి, పచ్చి బాలింతరాలిని బయట బల్లమీద కూచోబెట్టడం మన దగ్గర కూడా సాగింది.

ఇప్పుడు ఆ తలుపూ తెరుచుకుంటోంది. 2017లో మన కేంద్ర ఆరోగ్యశాఖ, అటువంటి బిడ్డల సేవలో కుటుంబాన్ని భాగస్వాముల్ని చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లి గుండెలకి బిడ్డని హత్తుకుని వెచ్చగా ఉంచే పద్ధతి 1970ల చివర దక్షిణ అమెరికాలో, కొలంబియా రాజధాని బొగొటాలో, బిడ్డల్ని ఉంచే పెట్టెలు చాలక మొదలైంది. కంగారూ తల్లి సంరక్షణ అంటారు దాన్ని. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టగానే అలా హత్తుకుంటే ఏమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో పరీక్షించింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఒకటి. 2021లో ఫలితాలు వచ్చాయి. కిలో మొదలు కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న 3,211 మంది బిడ్డల్లో, ఆలస్యంగా తల్లిని చేరినవాళ్ళలో నూటికి 15.7 మంది పోగా, పుట్టగానే చేరినవాళ్ళలో 12 మంది పోయారు. వాళ్ళకోసం బిడ్డ పెట్టె పక్కనే తల్లికి మంచం వేసి, ఇద్దర్నీ ఒకే గదిలో చూసుకున్నారు. తల్లి దగ్గర ఉండడం పిల్ల మనసుకే కాదు, ప్రాణానికీ సంబంధించిన సంగతని అంకెలే చెప్తున్నాయి.

ఇక మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పిల్లని ఆసుపత్రిలో చేర్చవలసివస్తే, 'గుడికి వెళ్తున్నాం, బజారుకి వెళ్తున్నాం' అని మభ్యపెట్టకండి. దాని వయసుకి అర్థమయ్యే మాటల్లో నిజం చెప్పండి. నొప్పి ఉంటుందంటే కాస్త ఉంటుందనే చెప్పండి. ఇంట్లో పడుకునే పాత దుప్పటి, అలవాటైన గ్లాసు, చెవి ఊడిన బొమ్మ, ఏదైనా సరే వెంట తీసుకెళ్ళండి. అది మీకు చింకిగుడ్డే, పిల్లకి ఇల్లు. బయటికి వెళ్ళవలసివస్తే, అటు తిరగగానే జారుకోకుండా, చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకి రండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అల్లరి చేస్తే నర్సమ్మ సూది పొడుస్తుందని బెదిరించి, సేవ చేసే మనిషిని బూచిని చేయకండి. ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు పక్క తడిపినా, కొంగు వదలకపోయినా, మీమీదే అలిగినా కొట్టకండి. అది పెంకితనం కాదు, మీరు మళ్ళీ ఎక్కడికీ పోరని నమ్మకం కుదరడానికి పట్టే కాలం.

ఇది పిల్లలకే పరిమితం కాదు. మన ఇళ్ళలో జబ్బుపడి మంచమెక్కిన అత్తగారో, మామగారో నాలుగు రోజులు గొణిగి, అయిదోనాడు నోరుమూసుకుని పడుకుంటే, 'హమ్మయ్య, నెమ్మదించారు' అనుకుంటాం. ఆ వేళ కాస్త వాళ్ళ పక్కన కూచుని చూడండి. నిజంగా నెమ్మదించారో, అడగడమే మానుకున్నారో మొహం చెప్తుంది.

నర్సింగు చదువుతానని ఇంట్లో అమ్మాయి అంటే, మనసు సంగతులు నర్సుకెందుకని అడిగే పెద్దవాళ్ళకి ఈ లారా కథ చెప్పండి. సెలవు.